సర్వే నంబరు 212లో ఏడు తలల పాము

ఆ ఆదివారం పొద్దున ప్రసన్నకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు చర్చికి పోవాలి. పన్నెండుకు ఇంటికొచ్చి కోడికూరతో అన్నం తినాలి. రెండు గంటలకు మామగారి దగ్గర తాళంచెవి తీసుకుని, చర్చి వెనకాల ఉన్న పాత బడి గది తెరిచి, ఏడు తలల పామును చంపాలి. ఐదు గంటలకు తాళంచెవి తిరిగి ఇచ్చేయాలి, మళ్లీ ఎప్పుడూ అడగకూడదు. ఈ చివరి ముక్క ఆమె పథకం కాదు, మామగారిది.

ప్రసన్నకుమారి కోడుమూరు దగ్గర నల్లగుండ్లపల్లెలో గ్రామ సర్వేయరు. వారంలో ఆరు రోజులు ఉన్న పొలాలు కొలుస్తుంది, ఏడో రోజు లేని పొలాలు కొలుస్తుంది. ఈ రెండో పని ఆమెకు ఉద్యోగ శిక్షణలో అంటుకుంది. హాస్టల్లో ఒకమ్మాయి ఫోనులో ఒక ఆట వీడియో చూపించింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. "ఎదురుగా తలుపుంది, ఏం చేస్తావు?" అని కథ నడిపేవాళ్లు అడుగుతారు. "తంతా" అని వీళ్లంటారు. తలుపు విరిగిందో, కాలు విరిగిందో పాచిక తేలుస్తుంది. అంతే ఆట.

ఆ ఫోనులో ఆటంతా మంచు కొండలు, రాతి కోటలు, సారాయి సత్రాలు. ప్రసన్నకుమారి మంచును ఫ్రిజ్జులో తప్ప చూసి ఎరగదు. అందుకని మంచు తీసేసి ఎండ పెట్టింది. సత్రం తీసేసి ఉగ్గాని బజ్జీల హోటలు పెట్టింది. ట్యాంకరు దగ్గర బిందెల కోసం జరిగే తగాదాలను ఉన్నదున్నట్టు రాజుల యుద్ధాలు చేసింది. టైలరు జులేఖా బీ డబ్బాలోని గుండీలు సైన్యాలయ్యాయి, పగిలిన గాజుముక్కలు నదులయ్యాయి. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు నిండా రాసుకుంది. కొత్త ఊళ్లో అడుగు పెడితే ఏమేం జరగొచ్చో ఒక పేజీ, ఏ బావిలో ఏ దెయ్యముందో ఒక పేజీ. ఆ దెయ్యాల్లో ఒకదానికి ఈత రాదు, పాపం. ఇదంతా చిన్నపిల్లల వ్యవహారం అనుకునే పెద్దలు కథ ఇక్కడే ఆపేసి పొలానికి పోవచ్చు. ఎలాగూ అక్కడే కలుస్తాం.

పాత బడి గదే ఎందుకు కావాలంటే, ఆ గది నేల నాపరాళ్లది. అన్నీ ఒకే కొలత, చదరం చదరంగా పరిచారు. ఒక్కో రాయి ఒక్కో అడుగు. సుద్దముక్కతో గీస్తే గదంతా గుహ అవుతుంది, ఎవరు ఎక్కడున్నారో, పాము ఎంత దూరంలో ఉందో కళ్లకు కనబడుతుంది. ఊళ్లో మిగతా నేలలన్నీ సిమెంటు, టైల్సు, పేడ. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం ఆమె బతికింది ఆ మూడు గంటలే.

ఆ గది తాళంచెవి ఉండేది సంఘ పెద్ద దావీదురాజు దగ్గర. ఆయనే మామగారు.

"ఇదే ఆఖరు ప్రసన్నా," అన్నాడాయన ఆ పొద్దున కాఫీ తాగుతూ. "వచ్చే వారం నుంచి ఆ గదిలో ప్లాస్టిక్ కుర్చీలు పేరుస్తాం."

"కుర్చీలు వరండాలో ఉండాయి గదా మామా. ఎండ కొడతాందని అవేమన్నా మీకు చెప్పుకున్యాయా?"

"ఎదురు మాట్లాడొద్దు. సిలువ కింద యేసు బట్టల కోసం పాచికలేసింది ఎవరు? సైనికులు. దేవుని గదిలో ఆ పని జరగనీయను."

"పాచికలు మీరు బాయిలో పడేసినారు. ఇప్పుడుండేవి చింతపిక్కలు. చింతపిక్కలు ఏం పాపం చేసినాయి మామా? రోజూ చింతపండు చారే తాగుతాండాం."

దావీదురాజు గ్లాసు కింద పెట్టాడు. "అసలు ఆ కథలు యాడియి? ఎవరో రాసింది తెచ్చి నువ్వు చదువుతాండావు."

"నేను రాసినవి."

ఆయన నవ్వాడు. కోపంగా కాదు, మామూలుగానే, చిన్నపిల్ల చందమామ మీదికి పోయొచ్చానంటే నవ్వినట్టు నవ్వాడు. ప్రసన్నకుమారికి తాళంచెవి పోతున్నందుకు కూడా అంత మండలేదు.

"నేను ఆట ఆపను మామా," అంది.

"గది లేకుండా యాడ ఆడతావు?"

వంటింట్లో అత్త జ్ఞానమణి ఉల్లిపాయలు కోస్తూ అంతా వింటోంది. ఆమె సంగతి తర్వాత.

ఇక ముందు రోజు జరిగిన పొరపాటు చెప్పాలి. ఆఖరి ఆటకు గుహ పటం పెద్దదిగా ఉంటే బాగుంటుందని, ప్రసన్నకుమారి కోడుమూరులో వీరభద్ర జిరాక్సు అంగడికి పోయింది. ఆమెకు పటం గీయడం ఒక్క రకంగానే వచ్చు. పాతాళ లోకం గీసినా పైన ఉత్తరం బాణం ఉంటుంది, కింద స్కేలు ఉంటుంది, మూలల్లో హద్దురాళ్లుంటాయి. పైగా గుహ ఆకారం కొత్తగా కల్పించే తీరిక లేక, పోయిన నెల కొలిచిన మామగారి రాళ్ల చేను ఆకారాన్నే దించేసింది. చెయ్యి అలవాటున మూలకు "స.నం. 212" అని కూడా వేసింది. లోపల మాత్రం ఆట తాలూకు లెక్కలే. నడిమధ్యన ఒక గుర్తు, పక్కన "నాగవజ్రం", దాని కింద "కాపలా: ఏడు తలలు. బలం 40. మూడో ద్వారం: 15 దాటాలి."

మిషనులో కాగితం ఇరుక్కుంది. ఆమె ఒక కాపీ తీసుకుని వచ్చేసింది. ఇరుక్కున్నది వీరభద్ర తీసి, సాపు చేసి, చదివాడు. అదే సాయంత్రం తొలకరి పడింది. ఆ చుట్టుపక్కల తొలకరి పడితే విత్తనాల సంచి కంటే ముందు కళ్లు తీసుకుని పొలాల్లోకి పోతారు, వాన కడిగిన ఎర్రమట్టిలో వజ్రం మెరుస్తుందని. అటువంటి సాయంత్రం వీరభద్ర చేతిలో సర్వేయరు గీసిన పటం ఉంది. ఎవరికీ చెప్పొద్దని చెప్పి బామ్మర్దికి ఒక్కడికే ఫొటో పంపాడు. బామ్మర్ది కూడా అదే మాట చెప్పి పంపాడు. తెల్లారేసరికి మూడు మండలాల్లో ఎవరికీ చెప్పని వాళ్లు వేలల్లో ఉన్నారు.

చర్చిలో మొదటి పాటకు మగవాళ్ల వైపు నిండుగానే ఉంది. రెండో పాటకు సగమయ్యింది. ఒకరికి ఫోనొచ్చింది, ఒకరికి కడుపునొప్పి, ఒకరికి గేదె ఈనుతోంది. ఆ రోజు నల్లగుండ్లపల్లెలో తొమ్మిది గేదెలు ఈనాయి. ముప్పై ఏళ్లుగా ముందు వరసలో కదలకుండా కూర్చునే దావీదురాజు కూడా వాక్యం మధ్యలో లేచి వెళ్లిపోయాడు. పాస్టరుగారు ప్రసంగం పది నిమిషాల్లో ముగించి చెప్పుల కోసం వెతుక్కున్నారు.

మామగారు లేచిపోవడం చూసిన ప్రసన్నకుమారికి ఒకటే తోచింది. తాళంచెవి ఇవ్వాల్సి వస్తుందని తప్పించుకుపోయాడు. ఆఖరి ఆట కూడా ఆడనివ్వడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరాధన అయిన వెంటనే ఆటో లేవిని పిలిచింది. లేవి ఆ ఆటలో మంత్రగాడు.

"లేవీ, నీ ఆటోలో సుత్తి ఉండాదా?"

"ఉండాదక్కా. ఎందుకు?"

"తాళం పగలగొట్టాల."

"మంత్రంతో తెరుస్తా అంటే ఒప్పుకోవుగా నువ్వు," అని గొణుక్కుంటూ లేవి సుత్తి తెచ్చాడు.

ఆమె సుత్తి ఎత్తే సమయానికి ఫోను మోగింది. భర్త జయకుమార్. తుమ్మలపల్లె గనిలో పని అతనికి, పదిహేను రోజులకొకసారి ఇంటికొస్తాడు.

"ఏం ప్రసన్నా, మన చేనులో నలభై క్యారెట్ల వజ్రం ఉండాదంట గదా? ఈడ క్యాంటీన్లో అందరూ చెప్తాండారు. నాకొక మాట చెప్పకూడదా?"

"నలభై అని ఎవరు చెప్పినారు?"

"పటంలోనే రాసుండాదంట. పదహైదు అడుగులు దాటి తవ్వాలంట, ఏడు మంది ఆఫీసర్లకు భాగముండాదంట. తలకింత అని."

ప్రసన్నకుమారి సుత్తి ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. నలభై పాము బలం. పదిహేను మూడో తలుపు తెరవడానికి దాటాల్సిన అంకె. ఆఫీసర్లయిన ఏడు తలలు పాము తలలే. అప్పుడే జులేఖా బీ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, మన గుహ నా ఫోన్లోకి వచ్చుండాది! కువైట్ నుంచి మా పిన్నమ్మ కొడుకు పంపినాడు!"

లేవి ఆటోలో ప్రసన్నకుమారి, జులేఖా బీ ఎక్కారు. జ్ఞానమణి కూడా, "నేనూ వస్తాండా," అని గుడ్డసంచితో సహా ఎక్కి కూర్చుంది.

సర్వే నంబరు 212లో ఏనాడూ ఏమీ పండలేదు. బండరాతి గుండ్లు, కంపచెట్లు, ఉడుతలు. ఆ రోజు మాత్రం రెండు వందల మంది ఉన్నారు. గడ్డపారలు, పారలు, ఇసుక జల్లెడలు, పిండి జల్లెడలు. రాయచోటి నుంచి ఒక జీపు దిగింది. గట్టు మీద ఒకాయన అప్పటికే పొయ్యి పెట్టి బజ్జీలు వేస్తున్నాడు. మధ్యలో, పటంలో గుర్తున్న చోటే సరిగ్గా, మోకాలి లోతు గుంతలో దావీదురాజు నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా ఎర్రగా అయ్యింది. కోడలిని చూసి చేతిలోది వీపు వెనక దాచాడు. అది గడ్డపార కాబట్టి తల మీద జానెడు పైకి కనబడుతూనే ఉంది.

"మామా, ఏం చేస్తాండారు?"

"చేను కాపలా కాస్తాండా."

"గుంతలో నిలబడా?"

"ఈడైతే అన్ని దిక్కులా కనపడతాది."

ప్రసన్నకుమారి జనం వైపు తిరిగింది. "అన్నా, అక్కా, అందరూ వినండి! అది ఆట పటం! నేను ఆటకోసం గీసుకున్యా. ఈడ వజ్రం లేదు, ఏమీ లేదు. గడ్డపారలు దించండి!"

ఎవరూ దించలేదు. కోడుమూరు గొర్రెల వ్యాపారి రసూల్ సాహెబ్ గడ్డం నిమురుకుంటూ ముందుకొచ్చాడు. పెద్దమనిషి, కాబట్టి చేతిలో పార లేదు, జల్లెడ మాత్రమే ఉంది.

"ఏమ్మా, నువ్వు సర్కారు సర్వేయరమ్మవి. నువ్వు గీసిన పటం అబద్ధమంటే, మా పాసుపుస్తకాలు గూడా అబద్ధమేనా?"

జనం గొల్లున నవ్వారు. ప్రసన్నకుమారి ఇరుక్కుపోయింది. అబద్ధమంటే ఉద్యోగం పోతుంది, నిజమంటే చేను పోతుంది. "అది కథ సాహెబ్! నేను అల్లిన కథ!" అంది.

"చాల్లేమ్మా," అన్నాడు జిరాక్సు వీరభద్ర, అందరికంటే ముందు వచ్చిన హక్కుతో. "ద్వారాలు, కొలతలు, కాపలాలు, ఇంత పకడ్బందీగా నువ్వు అల్లినావా? ఎవరో పైనోళ్లు రాసిచ్చింటారు. నిన్ను కప్పిపెట్టమన్యారు, నువ్వు కప్పిపెడతాండావు."

"అవునప్పా," అన్నాడు గుంతలోంచి దావీదురాజు. "మా కోడలికి ఇంత బుర్ర యాడిది? ఎవరో పెద్ద ఆఫీసరు రాసిందే ఇది."

అదుగో, అక్కడ తెగింది. అప్పటిదాకా ఆమెకు ఆ చేను కాపాడాలని ఉంది, ఉద్యోగం కాపాడుకోవాలని ఉంది. ఆ మాట విన్నాక రెండూ పోతే పోనీ అనిపించింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, చేనులోకెల్లా పెద్ద గుండు ఎక్కి నిలబడింది.

"సరే! ఎవరో రాసిచ్చినారు, నేను చదువుతాండా. అంతే గదా? అయితే పటంలో లేనిది అడగండి. ఏదన్నా అడగండి. తడుముకున్యానంటే ఈ చేను మీదే, తవ్వుకోండి!"

"చేను నాది!" అన్నాడు దావీదురాజు. ఎవరూ పట్టించుకోలేదు.

వీరభద్ర మీసం దువ్వాడు. "మూడో ద్వారం వెనకాల ఏముండాది?"

"సంత," అంది ప్రసన్నకుమారి, ఊపిరి కూడా తీసుకోకుండా. "చచ్చిపోయినోళ్ల సంత. బుధవారం ఒక్కరోజే జరుగుతాది. ఆడ దుడ్లు చెల్లవు. నీకు బాగా గుర్తుండే సంగతి ఒకటి వాళ్లకియ్యాల, కావాల్సింది తెచ్చుకోవాల. ఇచ్చినాక ఆ సంగతి ఇంక నీకు గుర్తుండదు."

చేనులో కొన్ని గడ్డపారలు ఆగాయి. వీరభద్ర మీసం మీంచి చెయ్యి తీశాడు.

"మా నాయన ఉంటాడా ఆడ?"

"ఉంటాడు. యాపచెట్టు కింద చెప్పులు కుడతాంటాడు."

"మా నాయన బీడీలు చుడతాండె."

"ఈడ బీడీలు. ఆడికి పోయినాక అందరూ చెయ్యాలనుకుని చెయ్యలేని పని చేస్తారు."

చిన్నప్పుడు తనకు చెప్పులు కొనివ్వలేక నాయన ఏడ్చిన సంగతి వీరభద్ర ఎవరికీ చెప్పి ఎరగడు. పార పక్కన పెట్టి గుండు కింద కూర్చున్నాడు.

"ఆ పామును చంపాల్సిందేనా?" రసూల్ సాహెబ్ అడిగాడు. "మాట్లాడుకుంటే పోదా?"

"మాట్లాడొచ్చు సాహెబ్. అయితే ఏడు తలలకీ ఏడు గుణాలు. ఒకటి నిజం చెప్తాది, దాన్ని మిగతా ఆరూ నమ్మవు. ఒక తల మాత్రం ఆకలైతే తప్ప మాట్లాడదు."

"దానికి ఏం పెడతారు?"

"ఉగ్గాని."

బజ్జీలాయన పొయ్యి మంట తగ్గించి దగ్గరికొచ్చాడు. ఆ తర్వాత ప్రశ్నలు వానలా పడ్డాయి. గుహలో దీపముందా? నీళ్లున్నాయా? ఆడవాళ్లు పోవచ్చా? రాయచోటి జీపులో వచ్చినాయన పాముకి కులముందా అని కూడా అడిగాడు. ఉండేదని, ఏడు తలలకీ సంబంధాలు కుదరక వదిలేసిందని ఆమె చెప్పింది. ఒక్కదానికీ తడుముకోలేదు. ఒక్కొక్కరే గడ్డపారలు పడుకోబెట్టి, కంప తప్పించుకుని కూర్చున్నారు. ఇంత అబద్ధం ఏ ఆఫీసరూ రాసివ్వలేడని రెండు వందల మందికీ అర్థమయ్యింది.

గుంతలో దావీదురాజు ఒక్కడే నిలబడి ఉన్నాడు. "ఇదంతా... ఇప్పటికిప్పుడు నువ్వే చెప్తాండావా?" అన్నాడు.

"నేనే మామా."

ఈసారి ఆయన నవ్వలేదు.

"చేను పెద్దాయనది గదా, గుహలోకి ముందు ఆయనే పోవాల!" అని ఎవరో అరిచారు. అందరూ అదే పాట అందుకున్నారు. ప్రసన్నకుమారి చేతులు చూసుకుంది, చింతపిక్కల చెంబు ఇంట్లో ఉండిపోయిందనుకుంది. అప్పుడు జ్ఞానమణి గుడ్డసంచిలోంచి ఆ చెంబు తీసి భర్త ముందు పెట్టింది. లోపల ఇరవై పిక్కలు, ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు.

"నువ్వా?" అన్నాడు దావీదురాజు. "నువ్వు స్త్రీల కూటానికి పాటలు నేర్చుకుంటాండానంటివే!"

"ఆర్నెల్లుగా ఇదే ఆడతాండా. నా పేరు బందిపోటు బసవ్వ. ఇంతవరకూ పదహారు మందిని నరికినా. తియ్యి పిక్క."

నలభై ఏళ్ల కాపురంలో ఆమె అతనికి ఇంత పొడుగు మాట చెప్పడం అదే మొదలు. దావీదురాజు ఆకాశం వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూశాడు. రెండోదే ఎక్కువ భయమనిపించినట్టుంది. కళ్లు మూసుకుని చెంబులో చెయ్యి పెట్టాడు.

"పదహైదు దాటాల," అంది ప్రసన్నకుమారి. రెండు వందల మంది ఊపిరి బిగబట్టారు.

మూడు వచ్చింది.

"పాము మింగేసింది మామా."

చేనంతా "అయ్యో" అంది. దావీదురాజు ముఖం ఎర్రబడింది. "ఇంకోసారి తీస్తా! కాలు జారింది నాకు!"

"చచ్చినోళ్లకు ఇంకోసారి ఉండదు. ఆట ఇంతే. ఇంక నేను చెప్పను."

"ఎందుకమ్మా?" రసూల్ సాహెబ్ గాబరాపడ్డాడు. "పాము సంగతేంది? సంత సంగతేంది?"

"ఈ గుండ్లల్లో అడుగులెట్ల లెక్కబెట్టేది సాహెబ్? నాపరాళ్ల నేల కావాల. ఆ గదికి తాళం. వచ్చే వారం నుంచి అందులో కుర్చీలు కాపురముంటాయంట."

నాలుగు వందల కళ్లు గుంత వైపు తిరిగాయి. దావీదురాజు గడ్డపార కింద పెట్టాడు. ఆ తర్వాత, "ఇస్తానప్పా, ఇస్తా," అని చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ఇంకో జేబు తడిమాడు. పంచె దులిపాడు.

"పొద్దున ఈడనే ఉండె," అన్నాడు నీరసంగా. "వంగి తవ్వేటప్పుడు..."

అందరికీ అర్థమయ్యింది. ఇక అక్కడ కావలసినవన్నీ ఉన్నాయి. రెండు వందల మంది, గడ్డపారలు, రెండు రకాల జల్లెడలు. ఎవరికీ చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. గుంత చుట్టూ మూగి మట్టి తోడారు, జల్లించారు, గుప్పెడు గుప్పెడు చేతులతో పిండి చూశారు. పావుగంటకు రసూల్ సాహెబ్ జల్లెడలో ఇత్తడి తాళంచెవి తళుక్కుమంది. చేను దద్దరిల్లేలా ఈలలు వేశారు. దావీదురాజు చెయ్యి చాపాడు. సాహెబ్ ఆ చేతిని దాటి పోయి, తాళంచెవిని ప్రసన్నకుమారికి అందించాడు.

"పటం గీసినోళ్ల సొత్తమ్మా ఇది. నీ దగ్గరే పెట్టుకో."

ఆ మధ్యాహ్నం రెండు గంటలకు ప్లాస్టిక్ కుర్చీలు గదిలోకి చేరనే చేరాయి, నలభై, గోడల వెంబడి, మనుషులతో సహా. మిగతా జనం కిటికీలకు వేలాడారు. నాపరాళ్ల మీద బందిపోటు బసవ్వ ఆరు తలలు నరికింది, నిజం చెప్పే తలను రసూల్ సాహెబ్ మాట్లాడి విడిపించుకుపోయాడు. అంతా అయ్యాక దావీదురాజు కోడలి పక్కకు చేరి గొంతు తగ్గించాడు.

"ప్రసన్నా, పాము మింగినంత మాత్రాన చచ్చినట్టేనా? చేప కడుపులో మూడు దినాలు బతికినోళ్లు ఉండారు గదా వాక్యంలో."

"చూద్దాం మామా. వచ్చే ఆదివారం రెండింటికి రండి. ఆలస్యం చేసినారంటే అరిగిపోతారు."

ఆ పటం అబద్ధమని నల్లగుండ్లపల్లెలో ఆ తర్వాత ఎవరూ అనలేదు. మెరిసేది చెప్పిన చోటే దొరికింది, పదిహేను అడుగులన్న లోతులోనే కాస్త తేడా వచ్చింది.